దీనమ్మ దాచిన రొట్టెముక్క

అనగా అనగా, గోదావరి రెండు పాయలై పారే చోట ఒక లంకగ్రామం. అక్కడ పెంకుల కప్పు వేసిన చిన్న ప్రార్థన మందిరం. నెలకొక ఆదివారం ఆ మందిరంలో ప్రభువు బల్ల జరిగేది. తమ కోసం ప్రాణమిచ్చిన ప్రభువును తలచుకుంటూ, అందరూ ఒకే రొట్టె పంచుకుని తినేవారు.

ఆ రొట్టె చేసే భాగ్యం సలోమమ్మది. రొట్టె మెత్తనే గాని, సలోమమ్మ పంతం మెత్తన కాదు.

ఆమె తోడికోడలు దీనమ్మ. కొత్తిల్లు కట్టుకున్నప్పుడు దీనమ్మ ఊరందరికీ విందు చేసింది. ఆ సందడిలో సలోమమ్మను పంక్తికి పిలవడం మరిచింది. సలోమమ్మ తినకుండానే ఇంటికి పోయింది. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఆ నెల బల్ల దగ్గర పాస్టరు అయ్యగారు అన్నారు: "మనం తినేది ఒక్క రొట్టె. ఎవరితోనైనా మనసు చెడితే, ముందు పోయి కలుపుకొని రండి."

'తప్పు దీనమ్మది. తనే రావాలి' అనుకుంది సలోమమ్మ. అనుకుని, చేయి చాచి రొట్టె అందుకుంది.

రెండో నెల దీనమ్మ తనే వచ్చింది. సలోమమ్మ వంటింట్లో పిండి కలుపుతోంది.

"అక్కా, ఆ రోజు నా మతి మతిలో లేదు. మనసులో పెట్టుకోకు. ఆ పిండి ఇటివ్వు, నేనూ ఓ చెయ్యి వేస్తాను."

"ఇది దేవుని రొట్టె. నలుగురి చేతులూ పడకూడదు" అంది సలోమమ్మ, తలెత్తకుండా.

దీనమ్మ గుమ్మంలోంచే వెనుదిరిగి వెళ్ళిపోయింది. ఆనాడూ సలోమమ్మ రొట్టె తింది. ఆ ముక్కను నీళ్ళు తాగి మింగింది.

మూడో నెలకు దీనమ్మ జ్వరంతో మంచాన పడింది. ఆరాధన ముగిశాక అయ్యగారు ఆమె కోసం రొట్టె పట్టుకుని బయలుదేరారు. "నువ్వూ రా తల్లీ. నిన్ను చూస్తే ఆమె ప్రాణం లేచివస్తుంది" అన్నారు సలోమమ్మతో.

సలోమమ్మ కాళ్ళు కదలబోయాయి. పంతం అడ్డుపడింది. "రేపు వెళ్తాలెండి" అంది.

తెల్లవారుతూనే మందిరం గంట ఆగి ఆగి మోగింది. ఎవరో పోయారన్న గుర్తు అది. సలోమమ్మ పరుగున వెళ్ళింది. దీనమ్మ ముఖం మీద అప్పటికే గుడ్డ కప్పారు.

కూతురు ప్రిస్కిల్ల ఒక పళ్ళెం తెచ్చింది. అందులో చిన్న రొట్టెముక్క.

"పెద్దమ్మా, నిన్న అయ్యగారు ఇచ్చిన దాంట్లో సగమే తింది అమ్మ. 'మీ పెద్దమ్మ రేపు వస్తానందట. ఇద్దరం కలిసి తింటాం' అని ఇది దాచింది."

సలోమమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

మరుసటి నెల బల్ల దగ్గర సలోమమ్మ లేచి, అందరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పింది. "మూడు నెలలు తిన్నాను. ఒక్కనాడూ పంచుకోలేదు. నాకు ఈ రొట్టె వద్దు" అంది.

ప్రిస్కిల్ల వచ్చి ఆమె చేయి పట్టుకుంది. "అమ్మ నీ మీద కోపంతో పోలేదు పెద్దమ్మా. రా, నాతో తిను."

ఇద్దరూ కలిసి తిన్నారు. సలోమమ్మకు క్షమాపణ దొరికింది. కాని దీనమ్మతో కలిసి తినే ఆ ఒక్కపూట మాత్రం బ్రతికినన్నాళ్ళు వెతికినా దొరకలేదు.

పిల్లలారా, పగ విడిచి పంచుకున్నదే ప్రభువు బల్ల. రాజీకి రేపన్నవారికి ఆ రేపు దక్కకపోవచ్చు.