కాళికాంబ కలిపిన తీగలు

ప్రొద్దుటూరులో ఖాజావలీ మాస్టారు ముప్పై ఏళ్లు ఐటీఐలో కరెంటు పని నేర్పి రిటైరయ్యారు. ప్రశ్న అడిగినవాళ్లకు ఆయన జవాబు చెప్పరు. ఏదో ఒక వస్తువు చేతికిచ్చి చూడమంటారు. అది నచ్చక చాలామంది మధ్యలోనే మానేశారు. కాళికాంబ మానలేదు.

ఆమె తలుపులు చెక్కే మనిషి. రెండేళ్ల కిందట రంపం మిషన్‌లో కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ పోయాయి. ఉలి పట్టడం ఇక కుదరదని, కావాలంటే చెక్కిన తలుపులు తుడిచే పని ఇస్తానని షెడ్డు యజమాని అన్నాడు. ఆమె ఆ పనికి వెళ్లలేదు. పాత ప్రింటర్ల కడ్డీలు, తుక్కు అంగట్లో దొరికిన మూడు మోటార్లు తెచ్చి, కంప్యూటర్‌లో గీసిన బొమ్మను చెక్క మీద చెక్కే సీఎన్‌సీ మిషన్‌ను సొంతంగా కట్టడం మొదలుపెట్టింది.

మోటార్లను నడిపే డ్రైవర్లనూ, వాటికి ఆజ్ఞలిచ్చే కంట్రోలర్ బోర్డునూ కలిపే దగ్గర పని ఆగింది. కంప్యూటర్లు బాగుచేసే జయరాముడు వచ్చి చూశాడు. మోటార్ల మీద పేరు లేదు, ఒక్కోదానికి ఉన్న నాలుగు తీగలూ ఒకే రంగు, ఏది దేనికో చెప్పే కాగితం లేదు. తప్పుగా కలిపితే అన్నీ కాలిపోతాయని, ఇది చదువుకున్నవాళ్ల పని అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే ఆమె మూడు మోటార్లూ పట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్లి అడిగింది. "తెలిసినవాళ్లు కాదన్నాక కూడా పట్టుకుని కూర్చుంటే అది పట్టుదలా, మూర్ఖత్వమా సార్?"

మాస్టారు ఒక మోటారు ఆమె చేతిలో పెట్టి, కరెంటు ఇవ్వకుండా ఇరుసు తిప్పమన్నారు. మెత్తగా తిరిగింది. ఏవైనా రెండు తీగల కొనలు కలిపి మెలిపెట్టి మళ్లీ తిప్పమన్నారు. తేడా లేదు. ఇంకో రెండు కలపమన్నారు. ఈసారి ఇరుసు బిగిసి, పట్టి పట్టి కదిలింది. ఆ రెండూ మోటారు లోపలి ఒకే రాగి తీగ చుట్టకు రెండు కొనలని ఆమెకు అర్థమైంది. మిగిలిన రెండు మోటార్లనూ ఆయన ముట్టుకోలేదు. ఆమే మిగిలిన మూడు వేళ్లతో తీగ అదిమిపట్టి, ఎడమచేత్తో మెలిపెట్టి, జతలు తేల్చింది.

మూడో రోజు అన్నీ కలిపి స్విచ్ వేసింది. మాస్టారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. చూద్దామని జయరాముడూ వచ్చాడు. మోటార్లు ఉన్నచోటే వణికాయి, గుయ్యిమన్నాయి, కదల్లేదు. ముందే చెప్పాను కదక్కా అని అతను స్విచ్ ఆపి, సాయం చేయమన్నట్టు మాస్టారి వైపు చూశాడు. ఆయన కుర్చీలోంచి లేవలేదు.

కాళికాంబ అతన్ని పక్కకు జరగమంది. "కాలిపోతే నావే కాలిపోతాయి. ఇది నా చేతివల్ల కాదని చెప్పడానికి నువ్వెవరు?"

తర్వాత ఒక్కో తీగనూ మొదటి నుంచి చివరిదాకా వేలితో తడుముతూ వెళ్లింది. గంట పట్టింది. బోర్డుకు కరెంటు ఒక డబ్బా నుంచి, డ్రైవర్లకు మరో డబ్బా నుంచి వస్తోంది. కరెంటు వెనక్కి వెళ్లే గ్రౌండు తీగలు రెండింటివీ ఎక్కడా కలవలేదు. అందుకే బోర్డు చెప్పేది డ్రైవర్లకు సరిగా అందడం లేదు. ఆ రెండింటినీ కలిపి మళ్లీ స్విచ్ వేసింది.

పరీక్ష కోసం మిషన్‌కు బిగించిన పెన్సిలు చెక్క మీద నెమ్మదిగా జరిగింది. జానెడు పొడవున గీత గీసి ఆగింది. ఆమె పైటచెంగుతో మొహం తుడుచుకుంది.

జయరాముడు వంగి చూసి, గీత వంకరగా ఉందన్నాడు.

మాస్టారు అప్పుడు నోరు విప్పారు. "వంకర సంగతి ఆమె చూసుకుంటుంది. గీత పడిందా లేదా, అది చెప్పు నాయనా."