ఏడు బారల దూరం నుంచి

అనగనగా ఒక అడవి. మన పొలాల పక్కన ఉండే తుప్పల అడవి కాదర్రా! సముద్రాల అవతల, ఆఫ్రికాలో, ఎప్పుడూ మంచు కమ్ముకుని ఉండే కొండ అడవి. ఆ కొండ మీద నేరేడు అనే తల్లి గొరిల్లా ఉండేది. దాని కొడుకు బొద్దు. పేరుకు తగ్గట్టే బొద్దుగా ఉండేవాడు. మొండితనంలో మాత్రం వాణ్ణి మించినవాడు లేడు.

కొండ కింద కెమిగిషా అనే డాక్టరమ్మ ఉండేది. అడవి జంతువులకు వైద్యం చేయడం పిల్లలకు నేర్పేది. నీమా అనే అమ్మాయి ఆమె దగ్గర రెండేళ్ళుగా నేర్చుకుంటోంది. కొండెక్కినప్పుడల్లా దూరం నుంచే బొద్దుకు కబుర్లు చెప్పేది. డాక్టరమ్మ పెట్టిన నియమాలు మూడు. గొరిల్లాలకు ఏడు బారల దూరంలో నిలబడాలి. వైద్యం చేసేవాళ్ళే దగ్గరికి వెళ్ళాలి, అదీ ముక్కూ నోరూ కట్టుకుని. జలుబు చేస్తే అసలు కొండే ఎక్కకూడదు. మన జలుబు మనకు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. గొరిల్లాలకు అది అంటుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఒకరోజు ఉడుత రొప్పుతూ కొండ దిగి వచ్చింది. "డాక్టరమ్మా! బొద్దు చేతికి వేటగాళ్ళ తీగ ఉచ్చు బిగుసుకుంది. నీమక్క వస్తేనే చెయ్యి చూపిస్తానని మొండికేశాడు!"

"పొద్దుగూకేలోగా తీయకపోతే చెయ్యి పోతుంది," అంది డాక్టరమ్మ. "అమ్మాయ్, తీగ నువ్వే కొయ్యి. నీ చదువుకు ఇదే ఆఖరి పరీక్ష."

నీమా సంతోషం చూడాలి! బొద్దును ఒక్కసారి ఎత్తుకోవాలని రెండేళ్ళుగా దాని ఆశ. గబగబా సంచీ సర్దుకుంది. అంతలో తుమ్మింది. గొంతు కూడా గరగరమంది.

ఉడుత ఒక్కటే చూసింది. "నేను ఎవరికీ చెప్పనులే అక్కా! ముక్కుకు గుడ్డ కట్టుకుంటావుగా," అంది.

నీమా సర్దిన సంచీ కింద పెట్టేసింది. తర్వాత వెళ్ళి, "డాక్టరమ్మా, నాకు జలుబు చేసింది. నేను రాకూడదు," అని బావురుమంది.

"మరి వాడు నాకు చెయ్యివ్వడే!"

"లోయకు ఇవతల గుట్ట మీద నిలబడి మాట్లాడతాను. మీరు కొయ్యండి."

డాక్టరమ్మ కొండెక్కింది. మొదటిసారి బొద్దు చెయ్యి వీపు వెనక దాచుకున్నాడు. రెండోసారి తల్లి పొట్ట కింద దూరాడు. మూడోసారి చెట్టెక్కబోతుంటే లోయ అవతలి నుంచి కేక వినబడింది.

"ఒరేయ్ బొద్దూ!"

"నువ్వు రావేం? నేనంటే నీకు ఇష్టం లేదా?" అని వాడు ఏడ్చాడు.

"చచ్చేంత ఇష్టంరా! అందుకే రావడం లేదు. డాక్టరమ్మకు చెయ్యివ్వు నాన్నా. నన్నే చూస్తూ ఉండు."

వాడు వెక్కుతూనే చెయ్యి చాచాడు. బొంగురుపోయిన గొంతుతోనే నీమా కబుర్లు చెబుతూ ఉంది. తీగ తెగింది. చెయ్యి దక్కింది. ఆ సాయంత్రం డాక్టరమ్మ నీమాను "డాక్టరుగారూ" అని పిలిచింది.

జలుబు పూర్తిగా తగ్గి పదిహేను రోజులయ్యాక నీమా కొండెక్కి, ఏడు బారల దూరంలో నిలబడింది. బొద్దు పరుగెత్తుకొచ్చాడు. నీమా కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి, ఇంకా వెనక్కి జరిగింది.

బొద్దుకు ఉక్రోషం వచ్చింది. "చూడమ్మా, నన్ను ఎత్తుకోదట!"

నేరేడు వాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. "నువ్వు పుట్టకముందు నీకో అక్క ఉండేదిరా. కొండ చూడవచ్చిన ఒకాయన దగ్గుతూనే దాన్ని ముద్దుచేసి ఎత్తుకున్నాడు. పాపం, ఆయనా ప్రేమతోనే ఎత్తుకున్నాడు. అది పోయింది. ఈ పిల్ల నిన్ను ఎత్తుకోలేదు. నువ్వు నా ఒళ్ళో ఉన్నావు."

నీతి: ఇష్టమైనవాళ్ళ మేలు కోసం మన ముచ్చటను మానుకోగలగడమే నిజమైన ప్రేమ.