శత్రువు రాకుండానే మోగిన భేరి

ఒకానొక కాలంలో శిలాపురి రాజ్యాన్ని మహీధరవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. పన్నులు మితంగా వేసేవాడు, కాలువలు తవ్వించేవాడు. అయితే తన నోటి నుంచి ఒకసారి మాట వచ్చిందంటే అది రాతిమీద చెక్కినట్టేనని చెప్పుకుని మురిసిపోయేవాడు. వందిమాగధులు ఈ సంగతి కనిపెట్టి, మిగతా బిరుదులన్నీ పక్కనపెట్టి, రోజూ పొద్దున్నే ‘ఆడి తప్పని మహారాజు’ అని పొగుడుతుండేవారు.

ఆ రాజ్యంలో ఒక కఠినమైన శాసనం ఉండేది. కోట బురుజు మీద పెద్ద రణభేరి ఒకటి ఉంది. శత్రుసేన కంటబడితేనే దాన్ని మోగించాలి. అది మోగగానే ఊరి జనమంతా ఇళ్లు వదిలి కోటలోకి చేరాలి. శత్రువు రాకుండా భేరి మోగిస్తే మాత్రం ఉరిశిక్ష. రాజుగారి తండ్రి కాలంలో ఒక కావలివాడు తాగిన మైకంలో భేరి కొట్టాడు. జనం పరుగులు పెట్టి, అగడ్త మీది వంతెన దగ్గర ఒకరినొకరు తొక్కుకుని ఎందరో చచ్చిపోయారు. ఈ శాసనం అప్పుడు పుట్టింది. అందుకే అది అన్యాయమని ఊళ్లో ఎవరూ అనేవారు కాదు.

ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, బయ్యన్న అనే భేరివాడు బురుజు మీద కాపలా కాస్తున్నాడు. కోటకు పడమట పూరిళ్ల వీధి చివర పొగ లేవడం అతని కంట పడింది. చూస్తుండగానే మంట ఒక కప్పు మీంచి ఇంకో కప్పు మీదికి దూకింది. గాలి వీధి వైపే వీస్తోంది. ఇళ్లలో జనం అన్నాలు తిని ఎండకు తలుపులు వేసుకుని పడుకున్నారు. కేక వేస్తే వినపడే దూరం కాదు. బయ్యన్న కర్రలు అందుకుని భేరి మోగించాడు.

శత్రువు వచ్చాడనుకుని పూరిళ్ల వీధివాళ్లు పిల్లాజెల్లాతో బయటపడ్డారు. వీధి మొత్తం బూడిదైంది కానీ లోపల ఒక్క ప్రాణం కూడా పోలేదు. పోయిన ప్రాణం కోట వాకిట్లో పోయింది. చెంచయ్య అనే గాజులాయన ఆ వేళ కోటలో గాజులు అమ్ముతున్నాడు. పెళ్లాంబిడ్డలు పూరిళ్ల వీధిలో ఉన్నారని గంప పారేసి పరుగెత్తాడు. ఊరంతా లోపలికి తోసుకొస్తుంటే ఆయన ఒక్కడూ బయటికి వెళ్లబోయి, ఆ తొక్కిసలాటలో కింద పడ్డాడు. మళ్లీ లేవలేదు.

రాజు విచారణ పెట్టాడు. శత్రువు వచ్చాడా? రాలేదు. భేరి మోగిందా? మోగింది. అంతకుమించి అడగవలసింది ఏమీ లేదని మంత్రి సూరనామాత్యుడు అన్నాడు. బయ్యన్నకు ఉరిశిక్ష పడింది.

ఊరు రెండుగా చీలిపోయింది. తమ బిడ్డలు బతికారంటే బయ్యన్న చలవేనని పూరిళ్ల వీధివాళ్లు కోట ముందు బైఠాయించారు. చెంచయ్య ఉసురు ఊరికే పోతుందా అని వేరేవాళ్లు అంగళ్ల దగ్గర గొంతు చించుకున్నారు. సభలో పండితులు కూడా రెండు పక్షాలై, ఒకరి శ్లోకానికి ఒకరు అడ్డుశ్లోకం చదివారు. ఇవాళ మంటకు భేరి కొట్టినవాణ్ణి వదిలితే రేపు దొంగకు కొడతారు, ఎల్లుండి వానకు కొడతారు, నిజంగా శత్రువు వచ్చిన నాడు ఎవడూ ఇల్లు కదలడు అని మంత్రి వాదించాడు. ఆ మాటలోనూ నిజం ఉంది.

రాజుకు విసుగెత్తింది. "నా తీర్పు సంతలో కూరగాయ కాదు, బేరమాడడానికి. ఇకమీదట వీడి ప్రాణం కోసం నన్ను అడిగినవాడు ఎవడైనా సరే, వాడికీ అదే ఉరికంబం," అన్నాడు. దాంతో అడగబోయినవాళ్లు వెనక్కి తగ్గి కూర్చున్నారు.

ఆ సభలో గొంకయ్య అనే విదూషకుడు ఉండేవాడు. ఆయన నోరు విప్పితే రాజుతో సహా అందరూ నవ్వేవారు. ఆరోజు ఆయన కూడా నోరు విప్పలేదు. సభ ముగిశాక నేరుగా చెరసాలకు వెళ్లాడు.

బయ్యన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గొంకయ్యను చూసి లేచి నిలబడి, తన కోసం ఎవరినీ ఏమీ అడగొద్దని వేడుకున్నాడు. ఇప్పటికే తన భేరి వల్ల ఒక మనిషి పోయాడని, ఇంకొకరు పోతే ఆ బరువు మోయలేనని అన్నాడు. గొంకయ్య అతన్ని కూర్చోబెట్టి, ఇంతకుముందెప్పుడైనా శత్రువు లేకుండా భేరి కొట్టావా అని అడిగాడు.

బయ్యన్న తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు. "ఒకసారి కొట్టాను అయ్యా. ఏలినవారు కొట్టమంటేనే కొట్టాను," అన్నాడు.

అంతకుముందు ఏడాది పొరుగు రాజు విందుకు వచ్చాడు. ఎవరి సైన్యం చురుకైనదని మాటామాటా పెరిగింది. తన సైనికులు ఎంత వేగంగా కూడుతారో చూపిస్తానని మహీధరవర్మ స్వయంగా బురుజెక్కి భేరి కొట్టించాడు. ఊరంతా ఉరికొచ్చింది. అతిథి శభాష్ అన్నాడు. ఒక ముసలమ్మకు కాలు విరిగింది. ఆ సంగతి సభలో అందరికీ తెలుసు. కానీ రాజు చేసినదాన్ని నేరమనుకోవాలని ఎవరికీ తోచలేదు.

మర్నాడు కోట ముందు మైదానంలో ఉరికంబం నాటారు. ఊరంతా అక్కడే ఉంది. బయ్యన్నను తీసుకొచ్చి నిలబెట్టారు. తలారి తాడు లాగి చూసుకుంటున్నాడు. రాజు వేదిక మీద కూర్చుని చెయ్యి ఎత్తబోతుండగా, భుజాన ఇంకో తాడు వేసుకుని గొంకయ్య జనం లోంచి ముందుకు వచ్చాడు.

రాజు కనుబొమలు ముడిచి, "నా ఆజ్ఞ మరిచావా?" అని అడిగాడు.

"మరవలేదు ప్రభూ. వీడి ప్రాణం అడగడానికి రాలేదు. ఏలినవారి శాసనం సగమే అమలవుతోందని ఫిర్యాదు చేయడానికి వచ్చాను. శత్రువు లేకుండా భేరి మోగించినవాడు ఇంకొకడు ఈ ఊళ్లో శిక్ష లేకుండా తిరుగుతున్నాడు."

రాజు సంతోషించాడు. గొంకయ్య కూడా తన శాసనం పక్షానే మాట్లాడుతున్నాడనుకున్నాడు. వాడెవడో చెప్పమన్నాడు. పేరు చెబితే వాడు ఎంత గొప్పవాడైనా శాసనం ఒకటేనా అని గొంకయ్య అడిగితే, తన కన్నకొడుకైనా ఒకటేనని రాజు జనం అందరూ వినేలా చెప్పాడు.

"అయితే చెబుతున్నాను. నిరుడు విందునాడు బురుజు మీద భేరి మోగింది. చేతులు బయ్యన్నవి. మాట మాత్రం మహారాజుది."

సేనాపతి చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది. రాజు ముఖం నల్లబడింది.

మంత్రి చప్పున ముందుకు వచ్చి, "శాసనం చేసేవాడికి శాసనం వర్తించదు. రాజు దానికి పైవాడు," అన్నాడు.

గొంకయ్య ఆయనకు నమస్కారం పెట్టాడు. "నేను వినాలనుకున్న మాట మంత్రిగారి నోటనే వచ్చింది. శాసనానికి పైవారు ఒకరున్నారు. అతిథికి వేడుక చూపడానికి ఏలినవారు ఆ శాసనాన్ని దాటారు. అయినా వందిమాగధులు మర్నాడు కూడా ఆడి తప్పని మహారాజనే అన్నారు. వేడుక కోసం దాటితే తప్పని మాట, మనిషి ప్రాణం కోసం దాటితే తప్పుతుందా?"

రాజు మెల్లగా, ఒక్కొక్క మాటా నొక్కి పలికాడు. "గొంకయ్యా, ఎంత చుట్టు తిరిగి వచ్చినా నువ్వు అడిగింది వీడి ప్రాణమే. అడిగినవాడికి ఏం చేస్తానన్నానో నీకు తెలుసు."

"తెలుసు ప్రభూ." గొంకయ్య భుజం మీది తాడు తీసి వేదిక మెట్ల మీద పెట్టాడు. "అందుకే తాడు నేనే తెచ్చుకున్నాను. ఏలినవారి తాడు దండగ చేయడం ఎందుకని. ఇది మహారాజుగారి మెడకో, నా మెడకో ఏలినవారే సెలవివ్వాలి. కిరీటం తీయకుండా తాడు వేయడం కష్టం కాబట్టి, నాకే వేస్తారనుకుంటున్నాను."

నవ్వడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. రాజు ఆ తాడు వైపు చూశాడు, గొంకయ్య వైపు చూశాడు. ఆయన పెదవి కొస కదిలింది. ముందు ముక్కుతో, తర్వాత గొంతుతో, చివరికి పొట్ట కదిలేలా నవ్వాడు. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుని, బయ్యన్నను దగ్గరికి పిలిచాడు. విచారణలో అడగని ప్రశ్న అప్పుడు అడిగాడు.

"ఎందుకు కొట్టావురా?"

"మంట కనబడింది ఏలినవారూ. వాళ్లను లేపడానికి నా దగ్గర భేరి తప్ప ఇంకేమీ లేదు," అన్నాడు బయ్యన్న.

చెంచయ్య భార్య అక్కమ్మ ముందు వరసలోనే ఉంది. ఆమె పేరు చెప్పి ఊళ్లో ఎందరో ఉరి కావాలన్నారు కానీ, ఆమెను ఎవరూ అడగలేదు. రాజు ఆమె వైపు తిరిగి ఏమంటావని అడిగాడు.

"క్షమించమని నన్ను అడక్కండి, నా వల్ల కాదు," అందామె. "ఆ భేరి విని నా మగడు పరుగెత్తాడు, పోయాడు. ఆ భేరి వినే నేను పిల్లలను ఎత్తుకుని బయటపడ్డాను. ఇతన్ని చంపితే నాకేం ఒరుగుతుందో రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఏమీ కనబడలేదు."

రాజు తలారికి సైగ చేశాడు. తలారి తాడు విప్పేశాడు. శాసనం అలాగే ఉంటుందని, అయితే ఇకమీదట రాజు ఎదుటికి పిలిచి ఎందుకు చేశావని అడగకుండా ఎవరినీ ఉరితీయకూడదని రాజు అక్కడికక్కడే ప్రకటించాడు. అక్కమ్మ పిల్లల పోషణ కోట భరిస్తుందన్నాడు. మంత్రికి ఇది రుచించలేదు. శిలాపురి అంగళ్లలో ఆ తీర్పు సరైనదా కాదా అని ఆ తర్వాత కూడా చాలాకాలం తగాదా పడుతూనే ఉన్నారు.

రాజు తన చేతి కంకణం తీసి గొంకయ్యకు తొడిగాడు. మరోసారి ఇలాంటి హాస్యం ఆడితే తాను నవ్వుతానో లేదో తనకే తెలియదన్నాడు. తనకూ తెలియదని గొంకయ్య ఒప్పుకున్నాడు.

జనం చెదిరిపోయాక గొంకయ్య కోట మెట్ల మీద కూలబడ్డాడు. లేవబోతే కాళ్లు వశం తప్పాయి. అది చూసి బయ్యన్న వచ్చి, ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుని, మెల్లగా లేపి, ఇంటిదాకా నడిపించాడు.