ముళ్లపంది అవ్వ బొరియ ఎవరికి?

కొండ వాలున ముసలి జంతువుల కోసం అడవి పంచాయితీ తవ్వించిన బొరియలున్నాయి. అద్దె నామమాత్రం, నెలకో దోసెడు గింజలు. వాటిలో ఒకదాంట్లో ఉండే ముళ్లపంది అవ్వ తొలకరికి ముందు కన్నుమూసింది. ఆఖరిదాకా దగ్గరుండి సేవ చేసింది ఒక కుందేలు. దానికి వేరే గూడు లేదు, పైగా కడుపుతో ఉంది.

దినమైనా కాకముందే నక్క దిగింది. "అవ్వ నాకు మేనత్త. బొరియ నాదే!"

నక్కకు ముళ్లపంది మేనత్త ఎలా అయిందో నాకూ తెలియదు.

బొరియల పెత్తనం ఎలుగుబంటిది. మంచిదే పాపం, రెండో మాట వినేసరికి మొదటిది మరిచిపోతుంది. "ఉండండి! పోయినవాళ్లతో కలిసున్నవాళ్లకే ఇల్లు. కాదు కాదు, వేరే ఇల్లు లేనివాళ్లకి. రెండూనా? ఆఁ, రెండూ!"

"నేనూ ఇక్కడే ఉన్నానుగా!" అంది నక్క.

కుందేలు ముందుకొచ్చింది. "ఎప్పుడు మామా? అవ్వకు గుక్కెడు నీళ్లయినా పోశావా?"

"నువ్వు మేతకెళ్లినప్పుడు వచ్చేవాణ్ణి."

ఎలుగుబంటి తల గోక్కుంది. "అంటే ఇద్దరూ ఉన్నట్టా, లేనట్టా? మరి గుట్ట మీది పెద్ద బొరియ నీది కాదూ?"

ముందు ఇది చేతికొస్తే తర్వాత రెండూ ఏలుకోవచ్చని నక్క ఎత్తు. "రామ రామ! అందరి ముందూ చెబుతున్నా, దానికీ నాకూ సంబంధం లేదు."

"అయితే ఖాళీవి రెండు, ఇల్లు లేనివాళ్లు ఇద్దరు. ఎవరికేది?" ఎలుగుబంటికి కళ్లు తిరిగాయి.

కుందేలు అవ్వ పడుకున్న గడ్డివంక చూసింది. ఏడుపొచ్చింది, ఆపుకుంది. "పెద్దయ్యా, అవ్వ ఇల్లు మేనల్లుడినే ఉంచుకోనివ్వండి. ఎవరిదీ కాని ఆ గుట్ట మీది బొరియ నాకిప్పించండి."

"వీల్లేదు!" నక్క ఎగిరిపడింది.

"ఏం, నీదా?" అంది ఎలుగుబంటి.

నాదంటే పంచాయితీలో అబద్ధమాడినందుకు అడవి దాటించేస్తారు. "కాదు," అంది నక్క పీలగా.

వానలు మొదలయ్యాయి. గుట్ట మీద కుందేలు పిల్లల్ని పెట్టి వెచ్చగా పడుకుంది. ముళ్లపంది బొరియలో నక్క ఎంత ముడుచుకున్నా తోక బయటే తడుస్తోంది. వాళ్లలో ఎవరు గెలిచారో ఎలుగుబంటికి నేటికీ అర్థం కాలేదు.

నీతి: పరుల గూటికి ఆశపడి తన గూటిని కాదన్నవాడికి తనదే దక్కదు.