జానెడు దూరంలో

నెరియో గీసిన క్రీస్తును మఠం పెద్దలు వద్దన్నారు.

ఇటలీలో రొక్కలూనా అనే కొండ ఊళ్ళో ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠం ఒకటి ఉండేది. ఆ సన్యాసులు మనుషులకు దూరంగా అడవుల్లో మఠాలు కట్టుకునేవాళ్ళు కారు. తోళ్ళు పదునుచేసేవాళ్ళు, బట్టలకు రంగు వేసేవాళ్ళు ఉండే వీధుల మధ్యే చర్చి కట్టుకున్నారు. చదువురాని జనానికి వాళ్ళ మాటల్లోనే ప్రసంగాలు చెప్పేవారు. చెవిన పడ్డది మనసులో నిలవాలని గోడల నిండా బొమ్మలు వేయించేవారు.

నెరియో ఆ మఠంలో సన్యాసి, చిత్రకారుడు. వయసులో చిన్నవాడే అయినా చుట్టుపక్కల ఊళ్ళలో అతని చేతికి పేరుంది. బలిపీఠం పైన వేలాడదీయడానికి నిలువెత్తు సిలువ బొమ్మ వేయమని పెద్దలు అతనికి చెప్పారు. పెద్ద చెక్కపలక మీద అతను బొగ్గుతో గీసిన క్రీస్తు, సిలువ మీద కూడా రాజులా నిటారుగా ఉన్నాడు. ఒంటి మీద చిన్న గీరు కూడా లేదు. కళ్ళు ఎవరినీ చూడకుండా ఎక్కడో ఆకాశంలో ఉన్నాయి.

"అందంగా ఉంది. మన చర్చికి మాత్రం కాదు," అన్నారు పెద్దలు. "తల వాలాలి. నొప్పి తెలియాలి. చూసినవాడు 'ఈయన నా మనిషి' అనుకోవాలి."

నెరియోకి ఒళ్ళు మండింది. నేరుగా గురువు ఉబాల్దో దగ్గరికి వెళ్ళాడు. ఉబాల్దో ఆ మఠానికి అధిపతి. నెరియోకి రంగులు నూరడం నేర్పింది ఆయనే. వయసు మీదపడి చేతులు వణకడం మొదలయ్యాక కుంచె పక్కన పెట్టేశాడు. అప్పుడు పెరట్లో ఉల్లి మడుల్లో కలుపు తీస్తున్నాడు.

"కుంచె పట్టడం రానివాళ్ళు క్రీస్తును ఎలా వేయాలో నాకు చెబుతున్నారు, గురువుగారూ!"

ఉబాల్దో కలుపు పీకుతూనే ఉన్నాడు.

"బాధతో మెలికలు తిరిగే మనిషిని ఊళ్ళో రోజూ చూస్తూనే ఉంటారు కదా. చర్చిలో కూడా అదే చూపించాలా? దేవుడే భయపడితే ఇంక ఎవరికి మొక్కుతారు?"

ఉబాల్దో చేతి మట్టి దులుపుకున్నాడు. "నువ్వు వేసిన చేతిపలక ఉంది కదా, దానికి ఎవరూ వంకపెట్టలేదుగా?"

"వంకా? ఫ్లోరెన్సు నుంచి వచ్చిన వర్తకులు దాన్ని చేత్తో పట్టుకుని కిందపెట్టలేకపోయారు."

"రేపు పొద్దున్న దాన్ని నువ్వే పట్టుకో," అన్నాడు ఉబాల్దో. మళ్ళీ మడి మీదికి వంగాడు.

మరణశిక్ష పడ్డవాణ్ణి చెరసాల నుంచి వధ్యశిల దాకా నడిపించేటప్పుడు ఈ మఠం సన్యాసి ఒకరు తోడు వెళ్ళేవారు. పిడి ఉన్న చిన్న చెక్కపలకను ఆ మనిషి ముఖానికి జానెడు దూరంలో పట్టుకుని, అతని ముందు వెనక్కి వెనక్కి నడిచేవారు. గుంపు కనిపించకూడదు, గొడ్డలి కనిపించకూడదు. చివరిదాకా అతని కళ్ళకు క్రీస్తు ఒక్కడే కనిపించాలి. పాత పలక చెడిపోతే కొత్తది నెరియో వేశాడు. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపస్కాలమంతా దాని మీదే పనిచేస్తూ కూర్చున్నాడు. క్రీస్తును సిలువ వేసిన కల్వరి కొండ, దాని కింద ఏరు, ఏటి మీద వంతెన, రోమా సైనికుల తెల్లగుర్రాలు. ఆ గుర్రాల జూలులో వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపించేవి. అయితే ఆ పలకను దారిలో పట్టుకుని నడవాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు.

మర్నాడు ఇద్దరూ చెరసాలకు వెళ్ళారు. గిరార్దో అనేవాణ్ణి బయటికి తెచ్చారు. ఊళ్ళోనే బట్టలకు రంగు వేసేవాడు. మోచేతుల దాకా చర్మం నీలంగా ఉంది. తాగిన మత్తులో బావమరిదిని కత్తితో పొడిచి చంపాడు. నేను చేయలేదని ఒక్కసారి కూడా అనలేదట.

తలుపు దాటగానే గుంపు కేకలు వేసింది. ఎవరో కుళ్ళిన క్యాబేజీ విసిరారు. నెరియో పలక ఎత్తి గిరార్దో ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. తన వెనక ఉబాల్దో తన అంగీ నడుం తాడు పట్టుకుని దారి చూపిస్తుంటే, వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. గిరార్దో పెదవులు కదుపుతూ పలకనే చూస్తూ వస్తున్నాడు.

వీధి మలుపులో ఆగిపోయాడు.

"గుర్రాలు కనిపిస్తున్నాయి," అన్నాడు.

నెరియో పలకను ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

"గుర్రాలున్నాయి. ఏరుంది. ఆయనేడీ, స్వామీ?"

"ఇదిగో, ఇక్కడే. మధ్యలో." నెరియో వేలు పెట్టి చూపించాడు.

వేలికొస కింద క్రీస్తు మొత్తం దాగిపోయాడు.

నెరియో చటుక్కున వేలు తీసేశాడు. అప్పటికే గిరార్దో కళ్ళ నిండా నీళ్ళు. చెమట కనుబొమ్మల మీదనుంచి కారుతోంది. పలకకు మరీ దగ్గరగా ముఖం పెట్టి వెతికాడు. పక్కకు వంగి వెతికాడు.

"ఏడీ? ఏడీ స్వామీ? నాకు కనిపించడం లేదు!"

ఆ గొంతు విని గుంపులో కొందరు నవ్వారు. గిరార్దో రాళ్ళ మీద కూలబడి చిన్నపిల్లాడిలా నేలను పట్టుకున్నాడు. భటులు రెక్కలు పట్టి ఈడ్చారు. నెరియో పలకను ఇంకా ఎత్తి పట్టుకునే ఉన్నాడు. పలకలో గుర్రాలూ వంతెనా కొండా అన్నీ కలిసి వణికాయి.

ఉబాల్దో ముందుకు వచ్చాడు. నెరియో చేతిలోంచి పలక తీసుకుని గోడవారగా నేల మీద పెట్టాడు. భటులను ఆగమని సైగ చేసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గిరార్దో చెంపలను రెండు చేతుల్లోకి తీసుకుని, ఇప్పటిదాకా పలక ఉన్నచోట తన ముఖం పెట్టాడు.

నెరియో పక్కనుంచి ఆ ముఖాన్ని చూశాడు. చూసి అదిరిపడ్డాడు. కరువొచ్చినప్పుడు, జ్వరాలొచ్చినప్పుడు, మఠంలో ఎవరు చనిపోయినా చలించని ముఖం అది. ఇప్పుడు పెదవులు అదురుతున్నాయి. దవడ బిగుసుకుపోయింది. కళ్ళు పూర్తిగా తెరుచుకుని, నీళ్ళు నిండి, రెప్ప వేయకుండా గిరార్దోని చూస్తున్నాయి. తన గురువుకి అలాంటి ముఖం ఒకటి ఉందని నెరియోకి తెలియదు.

గిరార్దో ఏదో అడిగాడు. ఉబాల్దో ఒక్కమాటలో జవాబు చెప్పాడు. గుంపు గోలలో నెరియోకి రెండూ వినిపించలేదు.

గిరార్దో లేచి నిలబడ్డాడు.

ఆ తర్వాత దారంతా ముసలాయన వెనక్కి నడిచాడు, ముఖం ముఖానికి ఎదురుగా పెట్టి. ఇప్పుడు ఆయన నడుం తాడు నెరియో చేతిలో ఉంది. వధ్యశిల దగ్గర గిరార్దో తల వంచితే, ఉబాల్దో అటువైపు నేలమీద బోర్లా పడుకుని, తల ఎత్తి, అతని కళ్ళ ఎత్తున తన కళ్ళు ఉంచాడు. తలారి ఆయన్ని లెమ్మన్నాడు. ఆయన లేవలేదు.

గొడ్డలి పడింది.

ఎవరో కెవ్వుమన్నారు. అది తన గొంతే అని నెరియోకి కాసేపటికి తెలిసింది. ఉబాల్దో ముఖం, తెల్లటి గడ్డం, అంగీ రొమ్ము, అంతా నెత్తురు. ఆయన ఇంకా అలాగే చూస్తున్నాడు.

మఠానికి వచ్చాక బావి దగ్గర నెరియో చేదతో నీళ్ళు పోశాడు. ఉబాల్దో ముఖం కడుక్కున్నాడు. గడ్డంలోంచి ఎర్రనీళ్ళు కారాయి.

"తిట్టండి గురువుగారూ," అన్నాడు నెరియో.

"ఎందుకు? బొమ్మ బాగుంది," అన్నాడు ఉబాల్దో. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే నెరియో బావి గట్టు పట్టుకుని కూర్చుండిపోయాడు.

ఉబాల్దో తడి గడ్డంతోనే గిరార్దోని పాతిపెట్టడానికి వెళ్ళాడు.

నెరియో చర్చిలోకి వెళ్ళి, సిలువ పలక మీద తను గీసిన ముఖాన్ని తడిగుడ్డతో తుడిచేశాడు. బొగ్గు చేతిలోకి తీసుకున్నాడు. నిటారుగా ఉన్న ఆ ఒంటికి ఇప్పుడు ముఖం లేదు. చేయి పైకి లేపుతాడు, దించుతాడు. గీత మాత్రం పడటం లేదు. కళ్ళు మూసుకుంటే ఒక గొంతు మాత్రం వినిపిస్తోంది, ఏడీ, ఏడీ అని.

పొద్దువాలుతుండగా ఉబాల్దో వచ్చాడు. గోళ్ళలో మట్టి ఉంది. తుడిచేసిన చోటు వైపు చూశాడు. అలసటగా మెట్టు మీద కూర్చున్నాడు.

"గురువుగారూ, దారిలో అతను మిమ్మల్ని ఏదో అడిగాడు."

"అడిగాడు."

"ఏమని?"

"'స్వామీ, మీకూ భయంగా ఉందా' అని."

నెరియో ఆయన వైపు తిరిగాడు.

"మీరేమన్నారు?"

"ఉందన్నాను."