రాణీగారి పాచిక చాప దాటింది

అనగనగనగా, పిల్లలూ, రాజులు ఏనుగులెక్కి, మనబోటివాళ్ళు కాళ్ళకు పనిచెప్పి తిరిగే కాలంలో, బొమ్మలపల్లె అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో లింగాచారి అనే చిత్రకారుడు ఉండేవాడు. పేకముక్కల మీద బొమ్మలు వెయ్యడం అతని వృత్తి. అతను రాజు బొమ్మ వేస్తే మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. రాణి బొమ్మ వేస్తే ముక్కుపుడక తళుక్కుమనేది.

ఒక ఏడు వానలు పట్టుకుని వదల్లేదు. గుడ్డ అతికించి చేసిన పేకముక్కలన్నీ తడిసి పూరీల్లా ఉబ్బాయి. పనీ లేదు, ఆటా లేదు. ఇంట్లో నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు.

అప్పుడు లింగాచారి టేకు చెక్కతో ఐదు పాచికలు చెక్కాడు. ఒక్కోదాని ఆరు ముఖాల మీదా ఆసు, రాజు, రాణి, జాకీ, పది, తొమ్మిది వేశాడు. "ఇక కురిస్తే కురవనీ!" అన్నాడు.

ఆట చెబుతాను, వినండి. ఐదు పాచికలూ గుప్పిట్లో గలగలలాడించి చాప మీద విసరాలి. నచ్చినవి ఉంచుకుని తక్కినవి మళ్ళీ విసరొచ్చు. అలా మూడు విసుర్లు. నాలుగోది అడిగారో, చెవి మెలిపెడతారు! రెండు బొమ్మలు ఒకటే అయితే జోడీ. రెండు జోడీలు పడితే దానికంటే మేలు. మూడు ఒకటే అయితే ఇంకా మేలు. తొమ్మిది, పది, జాకీ, రాణి, రాజు అంటూ మెట్లెక్కినట్టు వస్తే వరుస. ఒక బొమ్మ మూడు, ఇంకో బొమ్మ రెండు కలిసొస్తే నిండిల్లు. నాలుగు ఒకటే అయితే వాళ్ళింట్లో దాన్ని మంచం అనేవాళ్ళు, మంచానికి నాలుగు కోళ్ళుంటాయి గనక. ఐదూ ఒకటే అయితే పంచరత్నం. అది పడ్డ రోజున ఆ ఇంటి అరుపులకి పక్కవీధి కుక్కలు లేచేవి.

అన్నిటికంటే పెద్ద నియమం ఇంకోటుంది. చాప దాటిన పాచిక చెల్లదు. ఆ విసురు పోయినట్టే.

లింగాచారి కొడుకు బ్రహ్మయ్య, కూతురు కుందన. ఇద్దరికీ చాప అంచు దగ్గర రోజూ యుద్ధమే.

"దాటింది!"

"దాటలేదు! సగం చాప మీదే ఉంది!"

"కళ్ళు కనబడ్డం లేదా నీకు?"

"నీకే కనబడ్డం లేదు, దొంగమొహమా!"

వంటింట్లోంచి తల్లి గరిట పట్టుకుని వచ్చేది. "ఇంకొక్క మాట వినబడిందంటే ఇద్దరి వీపులూ చిట్లగొడతాను!" అనేది. అనేసి, తనూ చాప పక్కన చతికిలబడి "ఏదీ, నన్ను చూడనివ్వండి" అనేది.

ఇలా ఉండగా ఆ దేశపు రాజు ధీరవర్మ పేకముక్కలు కొనడానికి స్వయంగా లింగాచారి ఇంటికొచ్చాడు. లోపల ఒక అమ్మాయి నడుము మీద చెయ్యి పెట్టి, ఒక పాచిక కోసం అన్నతో దెబ్బలాడుతోంది. రాజు పేకముక్కల సంగతే మరిచిపోయాడు. కుందనకీ అతను నచ్చాడు. చూడ్డానికి బాగున్నాడు, మాటా మెత్తన. పెళ్ళి జరిగిపోయింది. సారెలో తండ్రి ఐదు పాచికలూ పెట్టి పంపాడు.

కోటలో ఏం తక్కువ? పట్టుపరుపులున్నాయి, వీవనలున్నాయి, పిలిస్తే పలికేవాళ్ళు నలభైమంది ఉన్నారు. ఎదురు చెప్పేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. పొద్దు వాలితే చాలు, కుందన కిటికీ దగ్గర నిలబడేది. ఈపాటికి నాన్న కుంచెలు కడుగుతూ ఉంటాడు, అన్నయ్య చాప దులుపుతూ ఉంటాడు, అమ్మ నా పేరు తలుచుకుంటూ ఉంటుంది అనుకునేది.

రాజు ఇది చూశాడు. మంత్రిని పిలిచి, "రాణీగారితో పాచికలాడు" అన్నాడు.

మంత్రి వచ్చి తివాచీ మీద కూర్చున్నాడు. రాణికి పదుల జోడీ పడింది. మంత్రి విసిరాడు. మొదటి విసురుకే మూడు రాజులు! ఆయనేం చేశాడో తెలుసా? మూడు రాజుల్నీ తీసి పక్కకు పెట్టి, ఒక్క తొమ్మిదిని ఉంచుకుని, తక్కినవన్నీ మళ్ళీ విసిరాడు. మూడు విసుర్లూ అయ్యేసరికి ఏమీ పడలేదు. "ఆహా, తమరి చెయ్యే చెయ్యి మహారాణీ!" అన్నాడు. ఎక్కడన్నా చూశారా ఇలాంటి ఆటగాణ్ణి?

కుందన పాచికలు ఎత్తి పెట్టేసింది.

మర్నాడు రాజే ఆడ్డానికి కూర్చున్నాడు. కుందన ఆశగా విసిరింది. ఒక పాచిక దొర్లుకుంటూ తివాచీ దాటి గుమ్మం దాకా పోయింది. ఆమె పెదవి కొరుక్కుని రాజు మొహంలోకి చూసింది. రాజు కనుసైగ చేశాడు. నలుగురు నౌకర్లు పరుగున వచ్చి తివాచీని గుమ్మం దాకా లాగి, పాచిక కింద పరిచారు!

"చెల్లుతుంది దేవీ," అన్నాడు రాజు ప్రేమగా. అంతటితో ఊరుకున్నాడా? రాణీగారి పాచిక ఎక్కడ పడితే అక్కడి దాకా తివాచీయేనని చాటింపు కూడా వేయించాడు. పాపం, అతనికి తెలిసిన ప్రేమ అంతే.

నెలలు గడిచాయి. కుందన ఎవరితో ఆడినా తనదే గెలుపు. అన్నం సయించడం మానేసింది. ఒకనాడు, "నేను మా ఇంటికి వెళ్తాను," అంది.

"మళ్ళీ వస్తావా?" అన్నాడు రాజు.

"ఏమో, తెలీదు," అంది కుందన. ఆమె అబద్ధం చెప్పలేదు. రాజుకి ఆమెని పంపాలని లేదు. అయినా పల్లకి సిద్ధం చేయించాడు.

దారి పొడుగునా కుందన మనసు ఒకచోట నిలవలేదు. పల్లకి దిగుతూనే "అన్నయ్యా, చాప వెయ్యి!" అని కేకపెట్టింది.

గుమ్మంలో తండ్రి చేతులు జోడించి నిలబడ్డాడు. "దయచెయ్యండి తల్లీ," అన్నాడు. తల్లి పీట మీద పట్టుగుడ్డ పరిచింది. బ్రహ్మయ్య చాప తెచ్చాడు గానీ, దాని మీద కూర్చోకుండా అంచున నేల మీద కూర్చున్నాడు.

కుందన విసిరింది. ఒక పాచిక చాప దాటి, ఎగిరి, రంగు కలిపిన కొబ్బరిచిప్పలో పడింది. ఆమె నవ్వుతూ నడుము మీద చెయ్యి పెట్టుకుంది. అన్న ఇంటికప్పు ఎగిరిపోయేలా అరుస్తాడని చూసింది.

బ్రహ్మయ్య ఆ పాచికని తీసి, కండువాతో రంగు తుడిచి, రెండు చేతులా ఆమెకు అందించాడు. "చెల్లుతుంది రాణీగారూ," అన్నాడు.

కుందన నవ్వు ఆగిపోయింది. "అదేంటన్నయ్యా? నేను కుందననే కదా!"

"మీరిప్పుడు ఏలినవారమ్మా. మా నోరు జారితే మా తలలుంటాయా?" అన్నాడు అన్న తల ఎత్తకుండా.

ఆమె ఏడ్చింది. తల్లి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. తల్లి చెయ్యి ఆమె తల మీదికి వచ్చింది గానీ, పూలదండ చెదురుతుందేమోనని భయపడ్డట్టు ఆగి ఆగి నిమిరింది.

మర్నాడే తిరుగు ప్రయాణం. పల్లకిలోంచి వెనక్కి చూసింది. అదే ఇల్లు, అదే అరుగు. తను ఇన్నాళ్ళూ బెంగపడ్డ ఇల్లు మాత్రం అందులో లేదు. దూరానున్న ఇంటి మీద బెంగ పుడితే బండి కట్టించుకుని పోవచ్చు. ఆ ఇంట్లో కూర్చున్నా బెంగ తీరకపోతే ఇంకెక్కడికి పోవాలి? కుందనకు తోచలేదు.

ఆమె తిరిగొచ్చిందని రాజు పొంగిపోయాడు గానీ, ఆమె మొహం చూసి మళ్ళీ దిగులుపడ్డాడు.

ఆ రోజుల్లో రాణివాసపు గోడలకి వెల్లవేస్తున్నారు. నిచ్చెన మీద నూకాలు అనే ముసలమ్మ సున్నం కొడుతోంది. కింద కుందన ఒక్కతే కూర్చుని తనతో తనే ఆడుకుంటోంది. ఎడమచెయ్యి అన్నయ్యది, కుడిచెయ్యి తనది అని పైకే అనుకుంటోంది. మూడు రోజులుగా అదే వరస. మూడు రోజులుగా కుడిచెయ్యే గెలుస్తోంది.

కుడిచెయ్యి విసిరింది. ఒక పాచిక తివాచీ దాటి గోడదాకా పోయింది. కుందన అక్కడినుంచే దాని ముఖం చూసి, "నాలుగు రాణులు! మంచం!" అంది.

"చెల్లదు తల్లీ," అంది పైనుంచి ఒక గొంతు.

కుందన తలెత్తింది. "ఏమన్నావు?"

"చెల్లదన్నాను. మూడురోజులబట్టీ పైనుంచి చూస్తన్నా. అన్నయ్య పాచిక తివాసీ దాటితే తీసి పారేస్తన్నావు. నీది దాటితే ఉంచుకుంటన్నావు. ఇదేం ఆటమ్మా?"

కుందనకి ఒళ్ళు మండిపోయింది. "ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా? నేను రాణిని!"

ఆ మాట ఆమె చెవులకే వినబడింది. కొబ్బరిచిప్పలో పడ్డ పాచిక దాటిందని తెలిసే అప్పుడు తను నవ్వింది. ఈ పాచిక దాటడం తనకి కనబడనైనా లేదు. ఎవరూ కాదనకపోయేసరికి తన కళ్ళే చూడ్డం మానేశాయి. అన్నయ్య తల ఎందుకు దించుకున్నాడో ఆమెకి అప్పుడు అర్థమైంది.

"అవ్వా," అంది మెల్లగా, "కిందికి దిగు. నాతో ఆడు."

"సున్నం చేతులమ్మా."

"ఫరవాలేదు, దిగు."

నూకాలు దిగింది. ఇక చూడాలి! ముసలమ్మ నిండిల్లు వేస్తే రాణి వరుస వేసింది. రాణి వేలు తగిలి పాచిక పొర్లిందని ముసలమ్మ, తగల్లేదని రాణి. "దాటింది!" "దాటలేదు!" అని ఒకటే రభస. ఆఖరికి రాణి ఓడిపోయింది. ఓడిపోయి, పడి పడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ గోల విని రాజు, మంత్రి, నౌకర్లు పరుగెత్తుకొచ్చారు. మంత్రి "రాణీగారికి ఎదురాడతావా?" అని ముసలమ్మ మీద చెయ్యెత్తాడు. రాజు అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. రాణి నవ్వగా అతను చూసి ఏడాది దాటింది.

"అవ్వా, నువ్వు కోటలోనే ఉండిపో," అన్నాడు రాజు. "రోజూ రాణీగారితో ఆడు. రోజుకో వరహా ఇస్తాను."

నూకాలు తల అడ్డంగా ఊపింది. "వద్దయ్యా. గోడకి సున్నం కొట్టినందుకు కూలి తీసుకుంటా. ఆటకి కూలి తీసుకున్నానంటే, రేపటినుంచీ నేనూ ఓడిపోతా."

మంత్రి తన కాళ్ళవంక చూసుకున్నాడు.

"మరి నేనేం చెయ్యను?" అన్నాడు రాజు. ఆ గొంతులో రాజరికం లేదు, బెంగ ఒక్కటే ఉంది.

"తమరే కూచోండి. దాటితే దాటిందని చెప్పండి, అంతే," అని ముసలమ్మ నిచ్చెనెక్కేసింది.

రాజు తివాచీ మీద కూర్చున్నాడు. అతనికి మూడు జాకీలు పడ్డాయి. కుందన రెండు ఆసులు ఉంచుకుని, తక్కిన మూడింటితో మూడో విసురు విసిరింది. అన్నీ కలిపి ఆసులు మూడు, తొమ్మిది ఒకటి. నాలుగో ఆసు దొర్లి దొర్లి తివాచీ కుచ్చులు దాటి, నేల మీద ఆగింది.

నౌకర్లు అలవాటుగా తివాచీ అంచు పట్టుకున్నారు.

"వదలండి," అన్నాడు రాజు. వంగి నేల మీది పాచికని చూశాడు. "దాటింది కుందనా. చెల్లదు. ఈ విసురు పోయినట్టే. ఆట నాది."

"కుచ్చు మీద ఉంది!" అంది కుందన.

"లేదు."

"ఉంది! సరిగ్గా చూడండి!"

"వంగి మరీ చూశాను. లేదు గాక లేదు!"

ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుని అతన్ని కొరకొరా చూసింది. చూసి చూసి, కళ్ళు తుడుచుకుంది. "నాన్నని చూడాలనుంది," అంది. "అన్నయ్య ఎదుట చాప మీద కూర్చుని, నా పాచిక దాటితే నేనే చెల్లదని చెప్పాలి. ఒకసారి చెబితే చాలదు. వాడు మళ్ళీ నా మీద అరిచేదాకా చెప్పాలి."

"వెళ్ళు," అన్నాడు రాజు. ఆ వెంటనే భయం భయంగా అడిగాడు. "మళ్ళీ వస్తావా?"

"నన్ను ఓడించి కూర్చున్నారు," అంది కుందన. "మిమ్మల్ని ఊరికే వదిలిపెడతానా?"

కాబట్టి పిల్లలూ, మనల్ని గెలిపించడానికి తాము ఓడిపోయేవాళ్ళ మధ్య మనం ఒంటరివాళ్ళమే. మన తప్పు మన ఎదుటే చెప్పగలవాళ్ళు, అది విని ఒప్పుకోగల మనమూ ఉన్నచోటే మన ఇల్లు.