మేడ మీద తాటాకులు

మేఘవరం రాజు కీర్తిభూపతికి ఫిర్యాదులంటే తలనొప్పి. ఆ రోజు కొలువులో ఇద్దరు ఒకేసారి మాట్లాడుతుంటే రెండు చెవులూ మూసుకున్నాడు.

గొడవంతా గాలివాన తెచ్చింది. ఊళ్లో ఎన్నో ఇళ్ల కప్పులు లేచిపోయాయి. మళ్లీ వానలు పట్టకముందే వాటిని ఖజానా సొమ్ముతో బాగుచేయించాలని రాజు ఆజ్ఞ ఇచ్చాడు. సాయం ఎవరికి అందాలో తేల్చే పని కట్టడాల అధికారి భద్రప్పయ్యకు అప్పగించాడు. ఆయన పల్లకీ దిగకుండానే ఊరంతా తిరిగి, నలభై ఇళ్ల జాబితా పట్టుకొచ్చాడు.

"ఈ జాబితాకు వంక పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు ప్రభూ" అన్నాడు మీసం దువ్వుకుంటూ.

"పుట్టి నలభై ఏళ్లయింది. మీకెదురుగానే నిలబడ్డాడు" అన్నాడు ఓబన్న.

ఓబన్న కొలువులో రాజును నవ్వించే ఉద్యోగి. ఆ ఉదయం అతను సాలెవీధికి వెళ్లాడు. అక్కడ పోలమ్మ అనే నేతగత్తె గుడిసెకు కప్పు సగమే మిగిలింది. మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంట నిండా నీళ్లు. ఇంకొక్క వాన పడితే మగ్గమే కుళ్లిపోతుంది. మగ్గం పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

"సాయం అడిగావా అమ్మా?" అన్నాడు ఓబన్న.

"అడిగాను నాయనా. ఇల్లు నిలబడే ఉంది కదా, మరమ్మతు ఎందుకన్నారు భద్రప్పయ్యగారు. పక్కింటి కోటయ్యది పడిపోయింది. అతను అడిగితే, పడిపోయాక అది ఇల్లే కాదు, దానికి మరమ్మతేమిటన్నారు."

ఇదంతా ఓబన్న కొలువులో చెప్పబోతే రాజు చెయ్యి ఎత్తాడు.

"ఆగు. ఒకరి మీద ఒకరు చెప్పుకోవడం విని విసిగిపోయాను. జాబితా తప్పయితే నిరూపించు. కానీ ఎవరి మీదా ఒక్క మాట చెప్పకూడదు. ఒక్క పేరూ కొట్టేయకూడదు. రెండు రోజులు గడువు. ఓడితే కొలువు విడిచిపోవాలి."

భద్రప్పయ్య పకపకా నవ్వాడు. "మూట సర్దుకో ఓబన్నా!"

ఓబన్న రాజు దగ్గరికి వెళ్లి చెవిలో అడిగాడు. "సాయం సొమ్ముగా కాకుండా తాటాకుగా ఇప్పించండి ప్రభూ. కప్పేవాళ్లను కూడా పంపండి. రాజుగారి కానుక కాబట్టి వానాకాలం అయ్యేదాకా ఎవరూ తీయకూడదని ఆజ్ఞ వేయండి."

రాజు సరేనన్నాడు.

మర్నాడు తెల్లవారగానే జాబితాలోని మొదటి ఇంటి ముందు పది తాటాకుల బండ్లు ఆగాయి. జాబితాలో రాసింది భద్రప్పయ్య అత్తగారి పేరు. ఇల్లు మాత్రం భద్రప్పయ్యదే. మూడంతస్తుల మేడ, నిరుడే సున్నం కొట్టించింది. పనివాళ్లు నిచ్చెనలు వేసి పైకెక్కి ఆకులు పరవడం మొదలుపెట్టారు.

అత్తగారు పరుగున వచ్చింది. "ఒరేయ్! మా మేడకు తాటాకులేమిట్రా?"

"మీ ఇల్లు కారుతోందట కదమ్మా, పాపం! మహారాజు కానుక. మీ పట్టెమంచం మీద చుక్క పడితే మా తలలు పోతాయి" అన్నాడు మేస్త్రీ.

మధ్యాహ్నానికి మేడ పెద్ద గడ్డివాములా తయారైంది. ఆ వేళకే భద్రప్పయ్య కూతురిని చూడడానికి పెళ్లివారు బండి దిగారు. పెళ్లికొడుకు తండ్రి తల పైకెత్తి చూసి, "మేడ అన్నారే, ఇది పాకలా ఉందేం?" అని బండి వెనక్కి తిప్పించాడు.

భద్రప్పయ్య తలపాగా కూడా లేకుండా కొలువుకు పరుగెత్తాడు.

"ప్రభూ, రక్షించండి! నా ఇంటి మీద ఆకులు తీయించండి!"

"తీయడమా? వానలు రాబోతున్నాయి. ఇల్లు కారదూ?" అన్నాడు రాజు.

"కారదు ప్రభూ! రాతి మేడ! చుక్క కారితే నా తల తీయించండి!"

ఆ వెనకే ఆయన బావమరిది వచ్చాడు. మేనల్లుడు వచ్చాడు. తమ ఇళ్లకూ ఆకుల బండ్లు రావడం చూసి, జాబితాలోని నలభై మందీ ఒకరినొకరు తోసుకుంటూ వచ్చి పడ్డారు.

"మాదీ కారదు ప్రభూ!"

"మా ఇంటికి ఒక్క పగులైనా లేదు ప్రభూ! ఒట్టు!"

రాజు జాబితా చూశాడు. వాళ్ల ముఖాలు చూశాడు. తర్వాత ఓబన్న వైపు తిరిగాడు.

ఓబన్న చేతులు కట్టుకుని వినయంగా అన్నాడు:

"నేను ఒక్క మాటా అనలేదు ప్రభూ. అంతా వాళ్లే అంటున్నారు."

కొలువంతా ఘొల్లుమంది. రాజు నవ్వుతూనే తీర్పు చెప్పాడు. ఆ ఆకులన్నీ సాలెవీధికి చేరాలి. మోసేది ఈ నలభై మందే. భద్రప్పయ్య పోలమ్మ గుడిసె ముందు నిచ్చెన పట్టుకు నిలబడి ఆకులు అందించాలి. ఇకమీదట జాబితా రాసే పని ఓబన్నది.

భుజానున్న పట్టు శాలువా తీసి రాజు అక్కడికక్కడే ఓబన్నకు కప్పాడు.

"ఇది మాత్రం వానాకాలం అయ్యాక కూడా తీయకు!"